రాళ్ళవంకకు యాభై నాలుగు బండ్లు

ఆదివారం సాయంత్రం రాళ్ళవంకలో రెండు గంటల సేపు వాన కురిసింది. సోమవారం ఉదయం పదకొండు గంటలకు విత్తన తేమ నియంత్రణ మండలి ప్రయాణ ఐచ్ఛిక సర్క్యులర్ జారీ చేసింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. రెండూ వచ్చి కలుసుకున్నది మాత్రం చూడామణి టేబుల్ మీద.

చూడామణి మండలిలో తేమ అధికారి. గోడౌన్లకు వెళ్ళి, బస్తాలోకి మీటరు గుచ్చి, విత్తనంలో తేమ తొమ్మిది శాతం దాటలేదని చూసుకుని, మూతికి సీసపు సీలు వేయడం ఆవిడ పని. సీలు లేని బస్తా గోడౌన్ గడప దాటకూడదు. దాటితే ఆ సంఘం లైసెన్సు రద్దవుతుంది. అందులోని విత్తనం ఆ క్షణం నుంచి విత్తనం కాదు, నూనె మిల్లుకు పోయే సరుకు.

ఆ ఉదయం మొదటి బస్సులో మారెక్క వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది. రాళ్ళవంక మహిళా విత్తన సంఘానికి అధ్యక్షురాలు. గోడౌన్లో నాలుగు వందల పన్నెండు బస్తాల వేరుశనగ ఉంది. మొలక పరీక్ష ఎప్పుడో అయిపోయింది. మిగిలింది తేమ చూడడం, సీలు వేయడం. వాన పడింది కాబట్టి మూడు వందల ఇళ్ళ వాళ్ళు విత్తే గొర్రులు సిద్ధం చేసుకుని ఎదురు చూస్తున్నారు. అది ఎర్రనేల, గట్టిగా ఎండ కాస్తే విత్తడానికి సరిపడే పదును శనివారం దాటి నిలవదు. పదును పోతే మళ్ళీ వాన ఎప్పుడు పడుతుందో చెప్పే అధికారి ఏ మండలిలోనూ లేడు.

"రేపు తొమ్మిదికి బయల్దేరుతాను మారెక్కా" అని చూడామణి మాట ఇచ్చింది. మారెక్క టీ తాగి లేచింది. ఆవిడ మెట్లు దిగుతుండగా సర్క్యులర్ మెట్లెక్కింది.

సర్క్యులర్ పదిహేడు పేజీలు. ఇకపై మండలి ఉద్యోగులు పని మీద ఊళ్ళు తిరగడానికి రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. మండలి కారులో వెళ్ళడం ఒకటి. సొంత బండి మీద వెళ్ళి కిలోమీటరుకు ఇంతని భత్యం తీసుకోవడం రెండోది. ఎంచుకున్నది పదవీ విరమణ దాకా మారదు. ఐచ్ఛికం ఇవ్వకుండా చేసిన ప్రయాణం 'జరగనట్టుగానే పరిగణింపబడును'. అంటే వెళ్ళిన మనిషి వెళ్ళనట్టు, అక్కడ వేసిన సీలు వేయనట్టు.

చూడామణి నిమిషంలో తేల్చేసింది. ఫారంలో కారు అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, మూడో అంతస్తులో ఉన్న ఉప ప్రధాన అధికారి (ప్రయాణ విధానం) పరాంకుశం గారి గదికి స్వయంగా తీసుకెళ్ళింది.

పరాంకుశం గారు ఫారాన్ని ముందు వైపు చూశారు, వెనక వైపు చూశారు. ఇంత త్వరగా ఎలా నిర్ణయించారని అడిగారు. రేపు వెళ్ళాలి కాబట్టి అని ఆవిడ చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఐచ్ఛికం అంటే ఇష్టం కాదమ్మా. ఆధారసహితమైన ఇష్టం."

ఆధారం ఎక్కడుందని ఆయన ప్రశ్న. కారే మేలని ఏ గణాంకాల వల్ల తేలింది? సరే, అయితే సొంత స్కూటరే అని చూడామణి కారు గడి కొట్టేసి రెండో గడిలో టిక్కు పెట్టింది. దానికి మాత్రం ఆధారమేదని ఆయన మళ్ళీ అడిగారు. తులనాత్మక ప్రయోగాత్మక ప్రయాణం జరపకుండా ఐచ్ఛికాన్ని స్వీకరించడం విధానపరంగా ప్రమాదకరమని వివరించారు. రెండు వాహనాలు ఒకే సమయంలో, ఒకే దారిలో, ఒకే బరువుతో వెళ్ళి రావాలి. అప్పుడు ఏది మేలో అంకెలే చెబుతాయి.

ఆ ప్రయోగం రాళ్ళవంకకే చేద్దామని చూడామణి అంది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఆవిడ కూడా సంతోషంగానే కిందికి దిగింది. షరతుల కాగితం సాయంత్రం వచ్చింది.

ఒకే బరువు అన్నారు కదా, మంగళవారం ఉదయం ఆఫీసులో అందర్నీ బస్తాల కాటా మీద నిలబెట్టారు. చూడామణి యాభై ఎనిమిది కిలోలు తూగింది. ఆవిడకు దగ్గరగా వచ్చినవాడు రికార్డు గది ఓబుళయ్య ఒక్కడే, యాభై అయిదు. తగ్గిన మూడు కిలోలకు పాత ఫైళ్ళు మూటగట్టి ఆయన వీపుకు తగిలించారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తనను రికార్డు గదిలోంచి బయటికి పంపడం ఇదే మొదటిసారనీ, అయినా రికార్డు తనను వదల్లేదనీ ఓబుళయ్య ఎవరితోనో అంటూ చూడామణి స్కూటర్ ఎక్కాడు. చూడామణి కారెక్కింది. డ్రైవరు తిప్పేస్వామి.

పదకొండు కావస్తుండగా కారూ స్కూటరూ రాళ్ళవంక గోడౌన్ ముందుకు చేరాయి. సంఘం ఆడవాళ్ళు అప్పటికే బస్తాలు వరసగా పేర్చి, తలుపుకు పసుపూ కుంకుమా పెట్టి, కుర్చీ వేసి ఉంచారు. మారెక్క కారు తలుపు తీయబోయింది. చూడామణి లోపలినుంచి గట్టిగా పట్టుకుంది.

"ఏం మేడమ్, దిగవా?"

దిగకూడదని చూడామణి చెప్పింది. దిగితే కారు బరువు యాభై ఎనిమిది కిలోలు తగ్గుతుంది. పైగా ఇక్కడ పని చేస్తే ఆ ఆలస్యం ప్రయాణపు లెక్కలో కలిసి అంకెలు కలుషితమవుతాయి. ఇది శుద్ధ ప్రయాణం. షరతు నంబరు తొమ్మిది.

"దిగి మళ్ళా ఎక్కుతావు కదమ్మా. తగ్గిన బరువు నీతోనే వస్తాది."

ఆ మాట తానూ అన్నాననీ, అన్నందుకు షరతు నంబరు పది వచ్చిందనీ చూడామణి చెప్పింది. మారెక్క తిప్పేస్వామి వైపు తిరిగి, నువ్వన్నా చెప్పప్పా అంది. తిప్పేస్వామి తనకు రాళ్ళవంక దాకా వెళ్ళమనీ వెనక్కి రమ్మనీ మాత్రమే రాసిచ్చారని కాగితం చూపించాడు. వెనక స్కూటర్ మీద ఓబుళయ్య వీపున ఫైళ్ళతో నిటారుగా కూర్చున్నాడు. ఎవరో చెంబుతో నీళ్ళిస్తే, బరువు పెరుగుతుందని తాగలేదు.

కారు గోడౌన్ ముందు అర్ధచంద్రాకారంలో తిరిగింది. స్కూటర్ దాని వెనకే తిరిగింది. రెండూ వచ్చిన దారినే పోయాయి. లేచిన దుమ్ము పసుపు పెట్టిన తలుపు మీద పడింది.

ఇంతా చేస్తే అంకెలు కలవలేదు. కారు వెళ్ళొచ్చిన దూరం నూట ఇరవై ఎనిమిది కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. స్కూటర్ది నూట ఇరవై ఏడున్నరే. ఒకే దారి రెండు పొడవులు ఎలా ఉంటుందని పరాంకుశం గారు మధ్యాహ్నమంతా భోజనం మానేసి ఆలోచించారు. వంపు దగ్గర తాను పెట్రోలు బంకులోంచి అడ్డంగా వచ్చానని ఓబుళయ్య ఒప్పుకున్నాడు. ప్రయోగం చెల్లదని తేలింది. రేపు మళ్ళీ జరుగుతుంది. ఈసారి ఒక్కో వాహనం వెనక ఒక్కో పర్యవేక్షక అధికారి ఉంటారు.

ఇక్కడ మండలి బుర్ర తన సహజ వేగం అందుకుంది. పర్యవేక్షకుడు కూడా ఉద్యోగే. అతనూ ప్రయాణిస్తున్నాడు. అతను మాత్రం ఐచ్ఛికం ఇచ్చాడా? ఇవ్వలేదు. కాబట్టి అతనికీ తులనాత్మక ప్రయోగం జరగాలి. అంటే అతనికీ ఒక కారు, ఒక సొంత బండి, ఆ రెండో బండి మీద అతని బరువున్న మనిషి. ఆ లెక్కన రెండు బండ్లు ఆరయ్యాయి. మండలికి ఉన్న కార్లు చాలక అద్దెకు తెప్పించడం బుధవారం ఉదయం మొదలైంది.

బుధవారం చూడామణి స్కూటర్ ఎక్కింది, ఓబుళయ్య కారెక్కాడు. గోడౌన్ ముందు మలుపు తిరుగుతుండగా స్కూటర్ వెనక చక్రంలో గాలి పోయింది. వాహనం దానంతటది చెడిపోతే ఆగవచ్చని షరతు నంబరు పధ్నాలుగు అంటుంది. చక్రంలో దొరికిన తలపిన్ను ఎవరిదో ఎవరూ అడగలేదు. టైరు విప్పి అతికించేలోగా చూడామణి లోపలికి పరుగెత్తి పదకొండు బస్తాలకు మీటరు గుచ్చి పదకొండు సీళ్ళు వేసింది. పన్నెండోది పట్టకారులో ఉండగా పర్యవేక్షకుడు ఈల వేశాడు.

సాయంత్రం ఆ పదకొండు సీళ్ళ మీద విచారణ జరిగింది. ఐచ్ఛికం లేని ప్రయాణం జరగనట్టే, జరగని ప్రయాణంలో వేసిన సీలు లేనట్టే, లేని సీలు బస్తా మీద ఉండడం తీవ్రమైన విషయమని పరాంకుశం గారు రాయించారు. వెంటనే తెంపించాలన్నారు. తెంపడానికి రాళ్ళవంక వెళ్ళాలని స్టెనో గుర్తు చేసింది. ఎవరు వెళ్ళినా ఆ వెళ్ళడం కూడా జరగనట్టే అవుతుంది. ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూసి, ఆ పేరా కొట్టేయమన్నారు.

గురువారం పద్దెనిమిది బండ్లు వెళ్ళాయి. రాళ్ళవంకకు అన్ని బండ్లు ఎప్పుడూ రాలేదు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని ఊరి పెద్దలు బోరు బావి కోసం అర్జీ రాసుకుని దండతో నిలబడ్డారు. ఏ కారు అద్దమూ కిందికి దిగలేదు. అర్జీ కాగితం అయిదు గ్రాములు ఉంటుందని లోపలినుంచి సైగ చేశారు. దండ అయితే అరకిలో. టీ కొట్టు ఆమె ఆ పూట మిరపకాయ బజ్జీలు వేసింది, అవీ ఎవరూ కొనలేదు, అదే కారణం. పద్దెనిమిది బండ్లు ఒకదాని వెనక ఒకటి గోడౌన్ ముందు గిర్రున తిరిగి వెళ్ళిపోయాయి. గోడౌన్ ముందు నేల తిరగలిలో పడినట్టు పిండైంది. అటు చేలల్లో పైపొర తెల్లబారుతోంది.

ఆ రోజు అంకెలు దాదాపు కలిశాయి. కానీ పద్దెనిమిది బండ్లలో పన్నెండింటికి పర్యవేక్షకులు లేరని కొత్తగా గమనించారు. ఉన్న ఆరుగురి పర్యవేక్షణ కూడా పర్యవేక్షణ లేకుండా జరిగింది. శుక్రవారం యాభై నాలుగు బండ్లు కావాలి.

నాలుగు గంటల బస్సుకి మారెక్క మళ్ళీ ఆఫీసుకొచ్చింది. ఈసారి టీ వద్దంది.

"రేపూ ఎల్లుండీ. అంతే పదును. ఆదివారానికి నువ్వు సీలు తెచ్చినా నేను ఏం చేసుకునేది మేడమ్, మెడలో వేసుకునేదా?"

చూడామణి పై అంతస్తుకు ఫోన్ చేసింది. సెలవు పెట్టి బస్సులో వస్తానని అడిగి చూసింది. సెలవులో ఉన్న అధికారి సీలు వేస్తే అది ఆభరణం అవుతుంది తప్ప సీలు కాదని పై నుంచి జవాబొచ్చింది. నడిచి వస్తానంది. నడక మూడో ఐచ్ఛికం అవుతుంది, ఫారంలో గడులు రెండే. ఏ రకంగా కదిలినా ప్రయాణమే, ప్రయాణమంటే ఐచ్ఛికం కావాలి, ఐచ్ఛికమంటే అంకెలు కావాలి, అంకెలంటే యాభై నాలుగు బండ్లు.

మారెక్క ఆవిడ టేబుల్ అంచును వేలితో రుద్దింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నువ్వు మా ఊరికి రాగూడదు. సరే. మీ ఆఫీసు రావచ్చునా?"

అప్పుడే వీపు మీది ఫైళ్ళు విప్పుకుంటున్న ఓబుళయ్య ఆగిపోయాడు. రికార్డు గదిలోకి పోయి, నిచ్చెనెక్కి, అట్టలు ఊడిపోయిన నిబంధనల పుస్తకం దించాడు. దుమ్ము ఊది రెండు చోట్ల చదివి వినిపించాడు. ప్రధాన స్థానమనగా అధికారికి కేటాయించిన టేబుల్, కుర్చీ, హాజరు పట్టీ ఉన్న స్థలము. హాజరు పట్టీలో సంతకం చేసి తన కుర్చీలో ఆసీనుడైన అధికారి ప్రధాన స్థానములోనే ఉన్నట్టు భావింపబడును.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుర్చీలో కూర్చున్నంతసేపూ మనిషి ఆఫీసులోనే ఉన్నట్టు. కుర్చీ ఎక్కడుంటే ఆఫీసు అక్కడే. కుర్చీ కదిలితే మనిషి కదిలినట్టని పుస్తకంలో ఎక్కడా లేదు. ఇక ఫర్నిచర్ బయటికి పోవాలంటే మరమ్మతు కోసమని గేటు పాసు చాలు. గేటు పాసు రాసే అధికారం రికార్డు గదిది.

"ఒక కాలు కుంటుగా ఉందని రాస్తాను" అన్నాడు ఓబుళయ్య. "టేబుల్‌కి."

శుక్రవారం ఉదయం పది గంటలకు చూడామణి హాజరు పట్టీలో సంతకం చేసి తన కుర్చీలో కూర్చుంది. పది దాటి అయిదు నిమిషాలకు సంఘం ఆడవాళ్ళు పన్నెండు మంది లోపలికి వచ్చారు. నలుగురు టేబుల్ ఎత్తారు. ఇద్దరు ఫైళ్ళ బీరువా కావాలా అని అడిగి, వద్దంటే తేమ మీటరూ సీళ్ళ డబ్బా తీసుకున్నారు. మిగతా ఆరుగురు కుర్చీని చూడామణితో సహా లేపారు. ఆవిడ రెండు చేతులూ కుర్చీ చేతుల మీదే ఉంచి, మెట్ల మలుపు దగ్గర మాత్రం కళ్ళు మూసుకుంది. వరండాలో ఎదురైన గుమాస్తాలు ఎవరికో ఊరేగింపు అనుకుని పక్కకు తప్పుకుని నమస్కారం పెట్టారు.

గేటు దగ్గర వాచ్‌మన్ పాసు చదివాడు. టేబుల్ ఒకటి, కుర్చీ ఒకటి. కుర్చీ వైపు చూశాడు.

"మరి మేడమ్?"

మేడమ్ సీటులో ఉన్నారని ఓబుళయ్య చెప్పాడు. సీటులో ఉన్న మేడమ్‌ను గేటు దగ్గర ఆపమని ఏ ఉత్తర్వు అయినా ఉంటే చూపించమన్నాడు. వాచ్‌మన్ పదేళ్ళలో అలాంటి ఉత్తర్వు చూడలేదు. పైగా సీటులో ఉన్న అధికారిని అంత దగ్గరగా చూడడం అతనికీ కొత్తే. గేటు తీశాడు.

బయట ట్రాక్టరు నిలబడి ఉంది. ట్రాలీలో గడ్డి పరిచి టేబుల్ వేశారు, టేబుల్ వెనక కుర్చీ, కుర్చీలో చూడామణి. చుట్టూ ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. హాజరు పట్టీ ఎగరకుండా మారెక్క దాని మీద చెంబు పెట్టింది. ట్రాక్టరు కదిలింది. ఊరు దాటే లోపే చూడామణి రెండు పెండింగు ఫైళ్ళు చూసింది. మూడోది గుంత దగ్గర ఎగిరి కాలవలో పడింది.

ఇక్కడ ఆఫీసులో సరిగ్గా పదిన్నరకు యాభై నాలుగు బండ్లు బయల్దేరడానికి ఇంజన్లు స్టార్టు చేశాయి. మొదటి కారులో కూర్చోవలసిన చూడామణి రాలేదు. పరాంకుశం గారు స్వయంగా ఆవిడ సెక్షనుకు దిగి వెళ్ళారు. మనిషి లేదు. టేబుల్ కూడా లేదు. నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం తేటగా ఉన్నాయి. సెలవు పెట్టిందా అని అడిగారు. లేదు సార్, సీటులోనే ఉన్నారు, సీటు మరమ్మతుకు వెళ్ళిందని ఓబుళయ్య చెప్పాడు.

ఆయన ఇంకో మాట అడగలేదు. పరుగున వచ్చి మొదటి కారెక్కి కూర్చున్నారు. అది యాభై ఎనిమిది కిలోలకు కేటాయించిన సీటు, ఆయన ఎనభై నాలుగు. ఆ సంగతి చెప్పడానికి తిప్పేస్వామి నోరు తెరిచి, అద్దంలో ఆయన మొహం చూసి మూసుకున్నాడు.

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ట్రాక్టరు కనిపించింది. టేబుల్ కనిపించింది. టేబుల్ వెనక కూర్చుని ఏదో రాసుకుంటున్న తేమ అధికారి కనిపించింది. పరాంకుశం గారు ముందుకు వంగి, దాటించు, అడ్డంగా ఆపు అన్నారు.

"దాటకూడదు సార్" అన్నాడు తిప్పేస్వామి.

ఎందుకని ఆయన అరిచారు. షరతు నంబరు ఇరవై రెండు సార్, పక్కకు తప్పుకుని దాటితే దూరం పెరిగి అంకెలు చెడతాయి, మీరే సంతకం పెట్టారని తిప్పేస్వామి చెప్పాడు. వెనక యాభై మూడు బండ్లలోనూ అదే కాగితం ఉంది. మీరు ఆ షరతును ఇప్పుడే సడలించవచ్చని వెనక కారులోంచి పర్యవేక్షకుడు అరిచి సలహా ఇచ్చాడు. సడలింపుకు కమిటీ కూర్చోవాలి. కమిటీ సభ్యులు ముగ్గురూ యాభై నాలుగు బండ్లలో మూడింటిలో ఉన్నారు, ఏ మూడో ఎవరికీ తెలియదు.

అలా ట్రాక్టరు ఇరవై అయిదు కిలోమీటర్ల వేగంతో ముందు నడిచింది. దాని వెనక కార్లూ స్కూటర్లూ మోపెడ్లూ చీమల బారులా సాగాయి. దారిలో రెండు పెళ్ళి బస్సులు ఆ వరసకు దారిచ్చి బ్యాండు వాయించాయి. ట్రాలీలోంచి మారెక్క ఒకసారి వెనక్కి చూసి, చేతులు జోడించి పరాంకుశం గారికి మర్యాదగా దండం పెట్టింది.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా ట్రాక్టరు రాళ్ళవంక చేరింది. ఆడవాళ్ళు ఆఫీసును దించి గోడౌన్ గుమ్మంలో పెట్టారు. చూడామణి కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపింది. మొదటి బస్తాను ఆవిడ ముందుకు లాగారు. ముందుగా బుధవారం నాటి పదకొండు సీళ్ళూ తెంపి, మళ్ళీ మీటరు గుచ్చి, కొత్తవి వేసింది. పట్టకారు నొక్కిన చప్పుడు గోడౌన్ అంతా వినిపించింది.

పదహారో బస్తా దగ్గర నీడ పడింది. పరాంకుశం గారు కారు దిగి వచ్చి నిలబడ్డారు. ఆ వారంలో రాళ్ళవంక నేల మీద కావాలని కాలు పెట్టిన మండలి మనిషి చూడామణి తర్వాత ఆయనే.

"ఇది ప్రయాణం" అన్నారు. రొప్పుతున్నారు. "ఐచ్ఛికం లేని ప్రయాణం. ఈ సీళ్ళు చెల్లవు."

చూడామణి హాజరు పట్టీ ఆయన వైపు తిప్పింది. పది గంటలకు సంతకం. అప్పటినుంచి సీటు వదల్లేదు. పన్నెండు మంది సాక్షులున్నారు, వాచ్‌మన్ పదమూడు. ప్రధాన స్థానం ప్రస్తుతం ఈ గుమ్మం. తాను ఎక్కడికీ వెళ్ళలేదు. ఆయన టేబుల్ మీదున్న నిబంధనల పుస్తకం తీసుకుని అక్కడే నిలబడి రెండు చోట్లా చదివారు. ఇంకోసారి చదివారు. పుస్తకం మూసి, ఉప ప్రధాన అధికారి హోదాలో ఇక్కడికి వచ్చి ఈ పనిని తక్షణం నిలిపివేయమని ఆదేశిస్తున్నానని అన్నారు.

అప్పుడు చూడామణి పట్టకారు కింద పెట్టింది. నాలుగు రోజులుగా ఎవరికీ తట్టని ప్రశ్న అది. చాలా వినయంగా అడిగింది.

"మీరు ఏ ఐచ్ఛికం మీద వచ్చారు సార్?"

 పరాంకుశం గారు జేబు తడుముకున్నారు. అందులో ఫారం ఉంది. నాలుగుగా మడిచి, మడతల దగ్గర చిరిగి, ఎన్నాళ్ళుగానో జేబులు మారుతూ వచ్చిన నమూనా ఫారం, సర్క్యులర్ కన్నా పాతది. రెండు గడులూ ఖాళీ. ఆయనకు పాత అంబాసిడర్ కారు ఒకటుంది. దాన్నే వాడుకుని భత్యం తీసుకోవాలా, మండలి కారు తీసుకోవాలా అని పదకొండు నెలలుగా ఆయన ఆలోచిస్తున్నారు. గ్రాఫులు గీశారు. ఇంట్లో ఆవిడను అడిగారు. తేలలేదు. తన ఒక్కడికే ఇలా ఉండదు కదా, అందరికీ ఉంటుంది, దీనికొక విధానం ఉండాలి అనిపించి సర్క్యులర్ రాశారు.

"అయితే మీరు ఇక్కడ లేరు సార్" అంది చూడామణి. ఆవిడ గొంతులో వెక్కిరింత లేదు, నిబంధన చదివినట్టే అంది. లేని అధికారి ఇచ్చిన ఆదేశం ఇవ్వనట్టే. బయట బండ్లలో ఉన్న వాళ్ళూ అంతే. ఒక్కరూ ఐచ్ఛికం ఇవ్వలేదు, ఒక్కరూ రాలేదు.

ఆయన అక్కడే నిలబడిపోయారు. తిరిగి వెళ్దామంటే వెళ్ళడానికి ముందు వచ్చి ఉండాలి. మారెక్క ఆయన్ను కింది నుంచి పై దాకా చూసింది. తర్వాత తన పక్కనున్న బస్తా వైపు చూపించింది.

"లేనోళ్ళు అడ్డం నిలబడగూడదు సామీ. ఆ కొస పట్టు."

ఆయన పట్టుకున్నారు. ఎందుకు పట్టుకున్నారో ఆయనకే తెలియదు. ఒక కొస మారెక్క, ఒక కొస ఉప ప్రధాన అధికారి. బస్తా టేబుల్ ముందుకు వచ్చింది. మీటరు గుచ్చారు. ఎనిమిదిన్నర శాతం. పట్టకారు నొక్కుకుంది. రెండో బస్తాకు ఆయన కోటు విప్పారు. అయిదో బస్తాకు చెప్పులు విప్పారు. ఎనిమిదో బస్తా దగ్గర, ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగారు. మూడు వందల ఎనభై తొమ్మిది అని మారెక్క చెప్పింది. ఆయన గుమ్మంలోకి వచ్చి బండ్ల వైపు చెయ్యూపారు.

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. నాలుగు రోజులుగా దిగకుండా తిరిగిన మనుషులు ఒళ్ళు విరుచుకుంటూ దిగారు. మొత్తం ఎనభై మంది. మొదట వాళ్ళు చేసిన పని టీ కొట్టు మీద పడి బజ్జీలు ఖాళీ చేయడం. రెండోది ఊరి పెద్దల అర్జీ తీసుకోవడం, తాము లేము కాబట్టి అది ఎవరికీ చేరదని చెప్పి మరీ తీసుకున్నారు. ఆ తర్వాత వరసగా నిలబడ్డారు. బస్తా ఆ చేతినుంచి ఈ చేతికి నడిచి వచ్చింది, సీలు వేయించుకుని, అటు చివర ఎడ్ల బండ్ల మీదికి నడిచి పోయింది. ఒక పర్యవేక్షకుడు అలవాటుగా ఎవరి బరువెంత అని నోటు చేసుకోబోతే తిప్పేస్వామి అతని చేతిలో పెన్ను తీసుకుని బస్తా పెట్టాడు.

నాలుగున్నరకు నాలుగు వందల పన్నెండో సీలు పడింది. చూడామణి అరచేతిలో పట్టకారు గుర్తు ఎర్రగా దిగింది. అయినా సీటులోంచి లేవలేదు, లేస్తే ఏమవుతుందో ఇంకా ఎవరూ చూడలేదు. మారెక్క ఆవిడ కూర్చున్న చోటికే కంచంలో సద్దరొట్టె, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిమిండి తెచ్చిపెట్టింది.

మొదటి బండి విత్తనం అప్పటికే గోడౌన్ పక్క చేనికి చేరింది. ఎద్దులు గొర్రుకు కట్టి ఉన్నాయి. పరాంకుశం గారు వట్టి కాళ్ళతో గట్టు మీద నిలబడ్డారు. చొక్కా అంతా గోనె పీచు. తేమ సరిపోతుందా, ఎంత శాతం ఉండాలి, మీటరు తెమ్మంటారా అని ఆత్రంగా అడుగుతున్నారు. వేరే ఎవరిని అడగాలో తెలియక, అడిగేది మారెక్కనే.

మారెక్క సాలులోకి వంగి, వేళ్ళతో పైపొర తోసి, లోపలి మన్ను గుప్పెడు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"నొక్కు."

ఆయన నొక్కారు. గుప్పిట తెరిచి చూశారు. మన్ను చెదరలేదు. ఆయన వేళ్ళ గుర్తులు పడి, చల్లగా, ఎర్రగా, ఉండ కట్టి ఉంది.

"ఇది ఎంత?" అన్నారు.

"ఇది చాలు" అని మారెక్క ఎద్దులను అదిలించింది.